తేలికపాటి పని

అరవై యూరోలు బల్ల మీద పెట్టింది వెల్టా.
ఇరవై నోట్లు రెండు, పది నోటు ఒకటి, మిగిలిందంతా చిల్లర,
చేతితొడుగు విప్పకుండానే లెక్కపెట్టింది.
"ఇంతలో ఏదొస్తే అది ఇవ్వు. నాది తేలికపాటి పని."

అందరూ అనే మాటే.
తేలికపాటి పనేనని తీసుకెళ్ళినవాళ్ళే
వారం తిరక్కుండా వచ్చి
పెళ్ళి వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయని
నన్ను నిలదీస్తారు.
యేకబ్‌పిల్స్ చిన్న ఊరు, తప్పించుకుని ఎక్కడికి పోను?

కింది అరలోంచి తీశాను,
ఏదో బడివాళ్ళు పాత సామాను వదిలించుకున్నప్పుడు
టోకున కొన్న బూడిదరంగు లాప్‌టాప్.
మూత మీద సగం గీకిన నక్క స్టిక్కరు.
రెండు జీబీల ర్యామ్, గరగరమని తిరిగే డిస్కు.
బటన్ నొక్కాను.
నీలం తెర మీద చుక్కలు గానుగెద్దులా తిరగసాగాయి.
ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది,
సంచిలోంచి నల్ల రొట్టె తీసి తింది,
ఒడిలో రాలిన పొడి దులుపుకుంది.
చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.
"నాకేం తొందర లేదు" అంది,
"నది కదిలేదాకా ఆగగలను."

మాటవరసకి అందనుకున్నాను.

ఈలోగా నౌరిస్ దాన్ని బోర్లించాడు.
పద్నాలుగేళ్ళవాడు, బడి అయ్యాక వస్తాడు,
విప్పిన పన్నెండు స్క్రూలూ గడియారం ముఖంలా పేర్చుకుంటాడు
ఏది ఎక్కడిదో మరిచిపోకుండా.
రేకు లేపితే ఫ్యాన్ రెక్కల్లో పెన్సిల్ చెక్కిన పొట్టు,
ఎవరిదో పొడుగాటి వెంట్రుక.
ర్యామ్‌కి గాడి ఒక్కటే.
రెండోది ఉండాల్సిన చోట గుర్తులు గీసి వదిలేశారు,
ముగ్గు పోసి ఇల్లు కట్టని స్థలంలా.

"ఎనిమిది పెడదామా?" అన్నాడు వాడు.
"నాలుగు చాలు." డబ్బు లెక్క నాది కదా.
"ఇంతకీ ఇందులో మీరు చేసేదేమిటి?"

అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది.
ఏడాదికి ఒక్క వరుస.
దౌగవ మీద గడ్డ పగిలి కదిలిన రోజు, గంట,
వంతెన స్తంభం మీద నీళ్ళు ఎక్కిన ఎత్తు.
మార్చి పంతొమ్మిది, తెల్లవారుజాము నాలుగు.
ఏప్రిల్ రెండు, భోజనాల వేళ.
ఒక చలికాలం నది అసలు గడ్డకట్టనే లేదు,
ఎదురుగా "లేదు" అని ఒక్క మాట.
నీటి కొలతల గదిలో ఉద్యోగానికి చేరిన ఏడు మొదలట.
గది మూసేశారు. వరుస ఆగలేదు.

మొదటి పేజీల్లో అక్షరాలు మిషను కుట్టులా ఉన్నాయి.
చివరి మూడు వరుసలకి
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను,
ఒకటో, ఏడో.

"కిందటేడుది నాకే అర్థం కాలేదు" అంది.
తొడుగులోని కుడిచెయ్యి
బల్ల మీద తనంతట తాను దడదడలాడుతోంది.
ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి
గోడ మీది ధరల పట్టీ చదవసాగింది.

నౌరిస్ నా వైపు చూడలేదు.
ఎనిమిది జీబీల బిళ్ళ గాడిలో వాల్చి నొక్కాడు.
టిక్కుమంది.
తిరిగే డిస్కు పీకేసి చప్పుడెరగని ఎస్‌ఎస్‌డీ బిగించాడు.
నేను బిల్లులో నాలుగనే రాశాను.

పదకొండు సెకన్లు.
ఆమె రెండో రొట్టె పొట్లం విప్పనే లేదు.
అక్షరాలు బొటనవేలంత చేశాం,
వణికి రెండుసార్లు తగిలినా మీట ఒక్కసారే పడేలా సర్దాం.
ఒక్కో వేలే దించి ఏడాది అంకె కొట్టింది,
చుక్క పెట్టింది,
ఆ పక్కన ఏం రాయాలో తెలీక కిటికీలోంచి చూసింది.
నది ఇంకా తెల్లగా, కదలకుండా ఉంది.

"మరి ఛార్జరు?" అంది లేస్తూ.

అది విడిగా ఏడు యూరోలు. చెప్పాను.
గీసి గీసి బేరమాడి
ఐదుకి పట్టుకుపోయింది.